అర్థం అడగకూడని ప్రార్థన

ఊరక రారు మహాత్ములు అంటారు. ఎడ్మంటన్‌లో నేను యూనివర్సిటీ నుంచి రిటైరైన ఏడాది, చలికాలంలో ఒక సాయంత్రం, చరిత్ర డిపార్ట్‌మెంటు ప్రొఫెసరొకావిడ మా గుమ్మంలో బూట్ల మంచు దులుపుకుంటూ నిలబడి, "మీరు మా భోజనాల క్లబ్బులో చేరాలి," అంది. ఆవిడ ఆ క్లబ్బుకి అధ్యక్షురాలు. నాకు మొదట గుర్తొచ్చింది ఆ సామెతే. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ బల్ల దగ్గరికి నన్నెవరూ పిలవలేదు. ఇప్పుడెందుకు?

నేను చెప్పిన పాఠం నేలల ఇంజనీరింగు. ఇక్కడి నేల సగం ఏడాది రాయిలా బిగుసుకుని ఉంటుంది, ఎండ తగలగానే బురదవుతుంది. పైకి గట్టిగా కనబడేదాన్ని నమ్మకపోవడమే నా వృత్తి. మనుషుల దగ్గరా అదే అలవాటైపోయింది. క్లబ్బు ఫొటోలో ఒక చామనఛాయ ముఖం, ఒక చీర లోటుగా ఉండి ఉంటాయి, అందుకే పిలిచారనుకున్నాను. మా అమ్మాయికి ఫోన్ చేసి అదే చెప్పాను.

"అమ్మా, యు ఆర్ బీయింగ్ పారనాయిడ్. జస్ట్ గో," అంది.

వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో దాచడం దేనికి? రిటైరయ్యాక మా ఇంట్లో రోజంతా మాట్లాడేది రేడియో ఒక్కటే. నలుగురితో కూర్చుని ఒక ముద్ద తినాలని ప్రాణం కొట్టుకునేది.

ఆ క్లబ్బుకి యూనివర్సిటీకి ఉన్నంత వయసుంది. నది గట్టు మీద నాలుగు భవనాలే ఉన్న రోజుల్లో, పెళ్ళికాని మేష్టర్లు కొందరు చలికాలం వండుకోలేక, ఒక వంటమనిషిని కుదుర్చుకుని కలిసి తినడం మొదలుపెట్టారట. స్కాట్లండ్ వాళ్ళు, యుక్రెయిన్ వాళ్ళు, ఐస్‌లాండ్ వాళ్ళు. భోజనానికి ముందు ఎవరి చర్చి ప్రార్థన చెయ్యాలన్న దగ్గర మొదట్లోనే పెద్ద జట్టీ అయిందట. చివరికి ఒక నియమం పెట్టుకున్నారు. అందరికంటే కొత్తగా చేరినవాళ్ళు తమ అమ్మ భాషలో ప్రార్థన చెయ్యాలి. అర్థం ఎవరూ అడగకూడదు, దాని గురించి ఒక్క మాట కూడా అనకూడదు. నియమం తప్పినవాళ్ళు ఆ పూట అందరి పళ్ళేలూ కడగాలి. మరో కొత్త మనిషి చేరేదాకా ప్రార్థన బాధ్యత వాళ్ళదే.

ఇప్పటికీ అంతే. క్యాంపస్ అంచున ఒక పాత ఇంట్లో నెలకోసారి కలుస్తారు. వంట బయటినుంచి వస్తుంది గాని, పూల అంచు పింగాణీ పళ్ళేలు మాత్రం ఆనాటివే. ఏం వండించాలో, ఎవరెక్కడ కూర్చోవాలో అందరికంటే పాత సభ్యుడు నిర్ణయిస్తారు. ఆయన ఎనభై దాటిన వృక్షశాస్త్రం మేష్టారు. ఎవరేమడిగినా ఒక్క మాటలో జవాబు చెప్పి ఊరుకునే మనిషి.

మాది కాకినాడ పక్క బాప్టిస్టు కుటుంబం. ముద్ద నోట పెట్టుకునే ముందు కళ్ళు మూసుకోవడం ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు. కాని ఆ మొదటి రోజు సూపు ముందు నిలబడితే, అంతమంది పెద్దమనుషులు తలలు వంచుకుని, నేనేమన్నా తెలియకుండా వింటున్నారు. ఇలాంటి అవకాశం మళ్ళీ వస్తుందా? మనసులో ఉన్నదంతా కక్కేశాను.

"పరలోకమందున్న మా తండ్రీ, ఈ ఆహారానికి వందనాలు. ఈ సూపు చూస్తే కుడితిలా ఉంది ప్రభువా, అయినా వందనాలు. తలుపు సందులోంచి గాలి నా మోకాళ్ళు కోసేస్తోంది. వీళ్ళు నన్నెందుకు పిలిచారో నీకు తెలుసు. నాక్కూడా తెలియజెయ్యి. ఆమేన్."

అందరూ భక్తిగా "ఆమేన్" అన్నారు.

మరుసటి నెల సూపులో మిరియాలు, వెల్లుల్లి పడ్డాయి. నా కుర్చీ తలుపు దగ్గర్నుంచి చలిమంట పక్కకి మారింది. మొదట సంబరపడ్డాను. ఇంటికొచ్చాక అనుమానం పట్టుకుంది. ప్రార్థన మీద నాకు నమ్మకం లేక కాదు. కాని ఇంత తొందరగా మా ఊళ్ళో ఎవరి ప్రార్థనా నెరవేరగా చూడలేదు. మా అమ్మ ఇంటి పట్టా కోసం ఏళ్ళ తరబడి మోకరించింది.

ఇంజనీరుని కదా, పరీక్ష పెట్టాను. "ప్రభువా, ఈ చేపలోకి ఒక నిమ్మకాయ బద్ద ఉంటే ఎంత బాగుండేది," అన్నాను. పై నెల నిమ్మకాయ బద్ద వచ్చింది, నా పళ్ళెంలో మాత్రమే. ఇది దేవుడి పని కాదు. దేవుడైతే అందరికీ పెట్టేవాడు.

నా ఎదురుగా కూర్చునే కెమిస్ట్రీ కుర్రాడి మీదికి పోయింది నా దృష్టి. మీసాలు మెలేసి, ఫోన్ ఎప్పుడూ పళ్ళెం పక్కనే బోర్లించి పెట్టుకుంటాడు. ఈ కాలంలో ఫోన్లు ఏ భాషకైనా అర్థం చెప్పేస్తున్నాయి. నా మాటలన్నీ రికార్డు చేసుకుని, తర్వాత అందరూ చేరి నవ్వుకుంటున్నారేమో! గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోకుండా ఉంటాడా? ఆ నెల కళ్ళు సగం తెరిచే ప్రార్థించాను.

"ప్రభువా, ఫోన్ పక్కన పెట్టుకుని నా మాటలు దొంగతనంగా వింటున్న ఈ మీసాల అబ్బాయిని క్షమించు."

అతను కదల్లేదు, మెదల్లేదు. బల్ల ఆ చివర వృక్షశాస్త్రం పెద్దాయన మాత్రం నాప్‌కిన్ నోటికడ్డం పెట్టుకున్నారు, భుజాలు అదురుతున్నాయి. పాపం దగ్గు అనుకున్నాను. ఆ వయసులో, ఆ చలికి దగ్గు రాక ఏమవుతుంది?

రెండో ఏడు వచ్చినా కొత్త సభ్యులెవరూ చేరలేదు. అధ్యక్షురాలిని అడిగితే ఆవిడ ఇబ్బందిగా చూసింది. "ఎవరి పేరు తెచ్చినా ఒకరు వద్దంటున్నారు. ఒక్కరు వద్దన్నా కుదరదు. ఎవరన్నది మాత్రం చెప్పకూడదు," అంది.

నాకు అంతా తేటతెల్లమైందనుకున్నాను. నన్ను ఎప్పటికీ ఆ కింది మెట్టు మీదే ఉంచాలని ఎవరో పట్టుబట్టారు. పిలిచినట్టూ ఉండాలి, కలుపుకోనట్టూ ఉండాలి. ఒళ్ళు మండిపోయింది. తర్వాత ఏడుపొచ్చింది. ఒక బల్ల దగ్గర చోటు కోసం ఈ వయసులో ఏడవడమేమిటని ఇంకాస్త ఏడ్చాను. మానేద్దామని తేల్చుకుని, చివరిసారిగా మంచి చీర కట్టుకుని వెళ్ళాను.

"ప్రభువా, ఈ బల్ల దగ్గర నాకిదే ఆఖరి భోజనం," అన్నాను. "వీళ్ళు నన్ను నా పని చూసి పిలవలేదు. రెండో ఏడొచ్చినా నేనిక్కడ పరాయిదాన్నే. అయినా వీళ్ళని చల్లగా చూడు. ఆ నిమ్మకాయ పెట్టించినవాళ్ళెవరో, వాళ్ళని ఇంకాస్త చల్లగా చూడు. ఆమేన్."

అందరూ ఆమేన్ అన్నారు. కుర్చీలు సర్దుకుంటున్న చప్పుడులో బల్ల చివరినుంచి ఒక గొంతు వినబడింది.

"ఎల్లిపోకే. నువ్వెల్లిపోతే సూపు ఎలాగుందో ఎవరు సెప్తారు?"

పెద్దాయన! అచ్చం మా గోదావరి పల్లెల్లో పసిపిల్లలు మాట్లాడినట్టే ఉంది. నన్ను "ఏమే" అని పిలిచే పెద్దవాళ్ళందరూ పోయి ఎన్నేళ్ళయిందో. కుర్చీలో కూలబడ్డాను. బల్ల చుట్టూ ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. కెమిస్ట్రీ కుర్రాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అధ్యక్షురాలే ముందు తేరుకుంది. "అర్థమేమిటో నేనడగను. కాని ప్రార్థనకి జవాబిచ్చారు. పళ్ళేలు మీవే," అంది ఆయనతో.

భోజనాలయ్యాక ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకుని సింకు దగ్గర నిలబడ్డారు. నేను పొడిగుడ్డ పట్టుకుని పక్కన నిలబడ్డాను. కొంత ఇంగ్లీషులో, కొంత ఆ పసి తెలుగులో చెప్పుకొచ్చారు. పుట్టింది పిఠాపురంలో కెనడా మిషన్ కాంపౌండులోనట. తల్లిదండ్రులు ఆసుపత్రి పనిలో ఉంటే ఆయాయే పెంచిందట. పదేళ్ళకి ఇక్కడికి తీసుకొచ్చేశారట. మా అమ్మమ్మకి అక్షరాలు నేర్పింది కెనడా దొరసానే. వాళ్ళు ఎక్కడినుంచి వచ్చారో మా ఇంట్లో అందరికీ తెలుసు. తిరిగి ఎక్కడికి వెళ్ళారో, వాళ్ళ పిల్లలు ఏమయ్యారో మాలో ఒక్కరమూ ఆలోచించలేదు. నేనైతే ఈ దేశంలోనే బతుకుతూ ఆలోచించలేదు.

"కొత్తవాళ్ళకి అడ్డం పడిందెవరు? మీరేనా?" అని నిలదీశాను.

"నేనే. కొత్తోళ్ళొస్తే నువ్వు ప్రార్థన మానేస్తావు కదా."

"నన్ను పిలవమన్నదీ మీరేనా? నా పరిశోధన చూసేనా?"

ఆయన తల అడ్డంగా ఊపారు. అబద్ధమాడటం చేతకాదు కాబోలు. నేనింకా ఉద్యోగంలో ఉండగా ఒకరోజు యూనివర్సిటీ కారిడార్లో నేను ఫోన్‌లో ఎవరినో దుమ్మెత్తిపోస్తుంటే, కోటు వేసుకుంటున్న ఆయన అక్కడే ఆగిపోయారట. కాకినాడలో ఉన్న మా చెల్లెలితో మాట్లాడుతున్న రోజు అయ్యుంటుంది. "మా ఆయా తరవాత అలాగ తిట్టినోళ్ళని యినలేదు," అన్నారు.

అంటే నా అనుమానం నిజమే. నన్ను నా చదువు చూసి పిలవలేదు. నొచ్చుకోలేదంటే అబద్ధమే, కాస్త నొచ్చుకున్నాను. ఇంతలో ఆయన నాకో పళ్ళెం అందించారు. వెలుతురులోకి పట్టి చూశాను. అంచంతా నెయ్యి పూసినట్టుంది.

"ఇదేం కడగడమండీ? జిడ్డు వదల్లేదు, కళ్ళు ఎక్కడ పెట్టుకున్నారు?" అన్నాను.

ఆయన చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి. నేను ప్రార్థన చేసేటప్పటిలాగే తల వంచి, కళ్ళు మూసుకున్నారు.

"ఇంకోసారి అనవే," అన్నారు.