నాలుగు వైపులా లాగిన పండుగప్ప తోలు

ఆ రోజుల్లో చేపకి తోలు ఉంటుందని తెలుసుగానీ, ఎంత లాగితే అది ఎంత సాగుతుందో లెక్క చూసేవాళ్ళు ఉంటారనీ, అందుకోసం కాలేజీలో ఏసీ గది కూడా ఇస్తారనీ నాకు తెలియదు. గిలకలదిండి చేపల రేవులో అమ్మ పక్కన కూర్చుని చేపలు కోసుకునే నన్ను, బందరు కాలేజీలో పరిశోధన చేసే ఒక మేడంగారు చూసి, పండుగప్ప చేప తోలు చిరగకుండా ఒలిచి తెస్తే రోజూ పని ఇస్తానన్నారు. కాలిన గాయాల మీద కప్పడానికి ఆ తోలు పనికొస్తుందేమో చూస్తున్నారట. తోలు మీద సిరాతో నాలుగు చుక్కలు పెట్టేవారు కాబట్టి మా అమ్మ ఆవిడకి చుక్కల మేడం అని పేరు పెట్టింది. నాకైతే ఆ గదిలో, ఆవిడ పక్కన నిలబడనిస్తే చాలు. "నువ్వేమంటావే?" అని నన్ను అడిగిన మొదటి మనిషి ఆవిడే.

తోలుని లాగి చూసే యంత్రం పీటంత ఉండేది. నాలుగు వైపులా నాలుగు చేతులు, ఒక్కోదానికి ఒక పట్కారు. మధ్యలో తోలు పరిస్తే నాలుగూ ఒకేసారి లాగుతాయి, ఎంత బలంగా లాగుతున్నాయో కంప్యూటర్లో అంకె పడుతుంది. "పట్టుకున్న చోట తోలు నలిగిపోతుంది, అక్కడి సాగుడు నమ్మకూడదు. మధ్యలో చుక్కలు ఎంత జరిగాయో అదే నిజం" అనేవారు మేడంగారు. చిక్కంతా ఆ పట్టుతోనే. గట్టిగా బిగిస్తే తోలు అక్కడే చిరుగుతుంది, వదులు చేస్తే జారిపోతుంది. ఒకరోజు పొద్దుటినుంచీ జారుతూనే ఉంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి నేను ఆగలేకపోయాను. చేపలు కోసేటప్పుడు చెయ్యి జారితే మేం బూడిద అద్దుకుంటాం. కోతల నుంచి నేరుగా వచ్చాను కాబట్టి బూడిద పొట్లం బొడ్లోనే ఉంది. "ఇలా చూడండి మేడంగారూ" అని నాలుగు పట్కార్లకీ ధారాళంగా పట్టించాను.

పట్టింది! అంకె ఎక్కుతోంది. "అబ్బ, ఎంత గట్టి తోలే!" అని ఆవిడ నా భుజం చరిచారు. అంకె ఇంకా ఎక్కింది, చుక్కలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. తర్వాత గర్రుమని చప్పుడు. బూడిద మరలోకి దిగి ఒక చెయ్యి బిగుసుకుపోయింది. అంతసేపూ మేం కొలిచింది పండుగప్ప బలం కాదు, మా పొయ్యి బూడిద బలం.

ఆ గదుల తాళాలన్నీ మొలకి కట్టుకు తిరిగే సారు చప్పుడు విని వచ్చారు. "ఏంటండీ ఇది, ల్యాబా, చేపల బజారా?" (వాసనలో పెద్ద తేడా లేదు లెండి.) "రేపట్నుంచి ఈ అమ్మాయిని రానివ్వకండి!" మేడంగారు చీపురుపుల్లతో బూడిద తీస్తూ, తలెత్తకుండానే అన్నారు: "ఇక పట్కార్లు వద్దు సార్, తోలుకి కొక్కేలు గుచ్చి దారాలతో కట్టాలి. వైపుకి ఐదు, దారాలన్నీ ఒకే బిగువులో. మీరు కడతారా మరి?" సారు తన లావు వేళ్ళకేసి చూసుకుని వెళ్ళిపోయారు.

అప్పట్నుంచి కొక్కేలు కట్టడం నా పనైంది. (బతికుండగా గాలానికి చిక్కని చేప, చచ్చాక ఇన్నిటికి చిక్కింది పాపం.) నేను "ఊఁ" అంటే ఆవిడ యంత్రం తిప్పి అంకె పైకి చదివేవారు. నాకు అంకెలు రావు, ఆ గొంతునుబట్టే మంచిదో కాదో తెలిసేది. పరిశోధన ముగిశాక ఆవిడ బందరు వదిలి వెళ్ళిపోయారు. ఏ ఊరని అడగాలని కూడా తోచలేదు నాకు.

నేను అంకెలూ అక్షరాలూ నేర్చుకునేసరికి జుట్టు నెరిసింది. ఇప్పుడు గుడివాడ బజారులో పండుగప్ప కనిపిస్తే చాలు, తోలుని బొటనవేళ్ళతో అటూ ఇటూ సాగదీస్తాను. "కొంటావా పిన్నీ, లాగుతూ కూచుంటావా?" అంటుంది అమ్మే అమ్మాయి. "ఉండవే" అంటాను. పక్కనుంచి ఎవరైనా అంకె చదువుతారేమోనని కాసేపు ఆగి, నా తిక్కకి నేనే నవ్వుకుని, సంచీ చాపుతాను.