పొగ చూసి వేసిన హాజరు

సైన్యంలో ఆయన్ని అందరూ పొయ్యిదొర అనేవారు. ఆ పేరు పెట్టిన కుర్రాళ్ల జుట్టు ఇప్పుడు నెరిసిపోయింది గానీ పేరు మాత్రం పచ్చగానే ఉంది. ఊరి బడిలో ఐదో తరగతితో పలక పక్కన పెట్టి, మీసం సరిగా మొలవక ముందే శిబిరం వంటశాలలో అంట్లు తోమడానికి చేరి, అక్కడే ప్రధాన వంటవాడై, ఇరవై రెండేళ్ల కొలువు ముగించుకుని బయటికి వచ్చిన మనిషి. ఆయన చేసినవి చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు. వరదకు వంతెన కొట్టుకుపోయి సరుకు బండ్లు ఆగిపోయినప్పుడు, ఉన్న పిండితోనే వారం పాటు శిబిరమంతటికీ రొట్టె సరిపెట్టాడు. ఆ వారంలో ఖాళీ కడుపుతో కాపలాకు వెళ్లినవాడు ఒక్కడు లేడు. మంచుకొండ మీద కట్టెలు తడిసిపోతే, చితుకులను చొక్కా లోపల దాచి ఒంటి వేడితో ఆరబెట్టి పొయ్యి రాజేశాడు. తనిఖీకి వచ్చిన పెద్దదొర రెండో రొట్టె అడిగి మరీ తిన్నాడు. మూడోది కూడా అడిగేవాడే, హోదా అడ్డొచ్చింది.

వీటన్నిటికీ పై మెట్టు హాజరు పతకం. చేరిన నాటి నుంచి, సెలవులు పోను, ఒక్క పూట కూడా గైరుహాజరు కానివాడికి ఇచ్చే పతకం అది. శిబిరం పుట్టాక ముగ్గురికే వచ్చింది, వారిలో ఈయన ఒకడు. అది ఆయనకు ఎందుకంత ప్రాణమో తెలియాలంటే ఊరి బడికి వెళ్లాలి. పశువుల వెంట తిరిగే పిల్లవాడు కావడంతో బడిలో ఆయన కనిపించే రోజులు తక్కువ. "నువ్వు ఎప్పుడొస్తావో చెప్పు నాయనా, మేళం పెట్టిస్తాం" అని పంతులుగారు అందరి ముందూ ఎకసెక్కాలాడేవారు. పతకం వచ్చిన ఏడు సెలవు పెట్టి, ముసలి పంతులుగారి చేతిలో దాన్ని పెట్టి మరీ వచ్చాడు. ఆయనకు చూపు ఆనక వేళ్లతో తడిమి చూసి, "ఎవరిదిరా ఇది" అన్నారు. "నాదేనండి." పంతులుగారు చాలాసేపు దాన్ని తిరిగి ఇవ్వలేదు.

కొలువు ముగిశాక పొయ్యిదొర, ఆయన భార్య ఒక వీధి చివర రెండు గదుల ఇంట్లో దిగారు. ఆవిడ కుట్టుమిషను కిటికీ పక్కన, ఈయన పతకం దాని ఎదురు గోడ మీద. ముందు వాకిట్లో ఇటుకల పొయ్యి కట్టి రొట్టెల దుకాణం పెట్టాలని ఇద్దరికీ ఆశ. ఆవిడ బట్ట మీద గీసే సుద్దతో వాకిట్లో పొయ్యి ఎంత రావాలో గీసి కూడా పెట్టింది. వాన పడినప్పుడల్లా చెరిగిపోతుంది, మళ్లీ గీస్తుంది. పింఛను తిండికీ అద్దెకీ సరిపోతోంది తప్ప ఇటుకల దాకా రావడం లేదు.

అలా ఉండగా ఒకరోజు పాత స్నేహితుడు, శిబిరం గిడ్డంగి చూసుకున్నవాడు, చూడటానికి వచ్చాడు. ఆయనా ఈయనా ఒకే ఏడు చేరి ఒకే ఏడు దిగినవాళ్లు. టీ తాగుతూ, "నా బోనసుతో చిన్న స్థలం కొన్నాను. నీది ఏం చేశావు అన్నా?" అన్నాడు.

"ఏ బోనసు?"

"ఏ బోనసేంటి? పదిహేనేళ్లు నిండినప్పుడు సంతకాలు పెట్టలేదూ? పూర్తి కాలం చేస్తామని రాసిస్తే దిగేటప్పుడు ఇస్తామన్నారు చూడు."

"నాకెవరూ చెప్పలేదే."

"నీకు చెప్పడమా?" గిడ్డంగాయన గ్లాసు కింద పెట్టాడు. "పరేడులో మూడు పొద్దులు వరసగా చదివారు. అందరికంటే ముందు నువ్వే పెట్టేసుంటావనుకున్నాం. దేనికైనా ముందుండే మనిషివి కదా అని ఎవరమూ అడగలేదు."

మర్నాడే పొయ్యిదొర అర్జీకి కూర్చున్నాడు. ఎవరి సాయమూ అక్కర్లేదన్నాడు. ఐదో తరగతి అక్షరాలు గుండ్రంగా, ఒక్కొక్కటీ రొట్టె ముద్దలా ఉంటాయి. వరద రాశాడు, మంచుకొండ రాశాడు, పెద్దదొర అడిగిన రెండో రొట్టె రాశాడు. ఇంత చేసినవాడికి బోనసు గురించి ఎవరూ చెప్పలేదని, గడువు దాటిపోయినా ఇప్పించాలని రాశాడు. చివర్న, ఇక తిరుగుండకూడదని, పతకం సంగతి కూడా వేశాడు.

జవాబు రావడానికి కొన్ని నెలలు పట్టింది. కవరు భార్య విప్పి పైకి చదివింది. అర్జీ తోసేశారు. కారణం రెండు ముక్కల్లో ఉంది: ఉత్తర్వును పరేడులో చదివితే పరేడులో ఉన్నవారందరికీ తెలిసినట్టే లెక్క, తాను ఒక్క పూట కూడా పరేడు తప్పలేదని అర్జీదారు తానే రాసుకున్నారు.

ఆవిడ కాగితం మడిచి కుట్టుమిషను మీద పెట్టింది. "మీ గొప్పలే మీకు అడ్డం పడ్డాయి. ఆ చివరి ముక్క ఎవరు రాయమన్నారండీ మిమ్మల్ని?"

"ఉన్నదే రాశాను."

"ఉన్నదే అయితే వాళ్లు చదివినప్పుడు వినబడాలి కదా. చెవులు వంటింట్లో వదిలేసి నిలబడ్డారా?"

"నేను నిలబడలేదు. నా పొగ నిలబడింది."

అప్పుడు చెప్పాడు అసలు సంగతి. తెల్లవారగానే మైదానంలో అందరూ వరుస కట్టాలి, పేరు పిలిస్తే పలకాలి. ఆ వేళకు వంటవాడు పొయ్యి వదిలి వస్తే శిబిరం మొత్తానికి రొట్టె మాడుతుంది. అందుకని ఎవరు మొదలుపెట్టారో తెలియని అలవాటు ఒకటి నడిచేది. పేర్లు పిలిచే సార్జంటు వంటవాడి పేరు దగ్గరికి రాగానే తల తిప్పి వంటశాల పొగగొట్టం వైపు చూస్తాడు. పొగ లేస్తుంటే మనిషి ఉన్నట్టే. తానే "హాజర్" అని పలికి, గుర్తు పెట్టి, తర్వాతి పేరుకు వెళ్లిపోతాడు. ఏ నిబంధనలోనూ లేదది. అయినా వంటశాలలోనే మీసం మొలిచిన పొయ్యిదొరకు అదే హాజరు. పొగ లేవడమంటే తాను అక్కడ నిలబడటమే. ఇన్నేళ్లలో అవి రెండూ వేరని తోచనే లేదు.

భార్య ముక్కు మీద వేలేసుకుంది. "అయితే ఒక్కరోజూ వెళ్లలేదా మీరు?"

"వెళ్తే మీవాళ్లు ఏం తినేవారు?"

"మావాళ్లెవరూ సైన్యంలో లేరు గానీ, ఈ ముక్కే రాయండి ఈసారి. పొగ ముక్క."

"రాస్తే పతకం?"

ఆవిడ దారం తెంపి, సూదిని కుడుతున్న చొక్కా కాలరుకి గుచ్చింది. "అది నేను చెప్పను. పతకం మీది. పొయ్యి మాత్రం ఇద్దరిదీ."

చివరికి పొగ ముక్కే రాశాడు. ఆ రెండో అర్జీ పై బోర్డుకు వెళ్లాలి. సాక్షి కావాలన్నారు. సాక్షి అంటే పేర్లు పిలిచిన సార్జంటే. ఆయన్ని శిబిరంలో కంచుగొంతు అనేవారు. ఆయన పిలిస్తే మైదానం అవతల కుక్కలు కూడా లేచి నిలబడేవి. ఇప్పుడు ఒక పట్నం బస్సుస్టాండులో బయల్దేరే బస్సుల పేర్లు అరుస్తున్నాడు. మైకు ఇచ్చారట, వద్దన్నాడట. పొయ్యిదొర వెళ్లేసరికి ఆయన స్తంభానికి ఆనుకుని అరటిపండు తింటున్నాడు.

"ఏరా పొయ్యీ, నా బస్సెక్కుతావా, దింపమంటావా?"

"నువ్వే నా కోసం బోర్డు మెట్లెక్కాలి బావా" అని పొయ్యిదొర విషయమంతా చెప్పాడు. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. ఎన్నో ఏళ్ల రొట్టె బాంధవ్యం.

కంచుగొంతు తొక్క బుట్టలో పడేశాడు. "అంటే నేను దొంగ హాజరు వేశానని నేనే చెప్పాలి. పెద్దల ముందు."

"ఇబ్బందైతే వద్దులే."

"ఇబ్బందే. నా గొంతుతో చెప్పిన అబద్ధం అదొక్కటే." నవ్వాడు. "పొగ లేవని పొద్దు ఒక్కటి చూశానేమో గుర్తు తెచ్చుకుంటున్నా. లేదురా. వస్తా పద. చొక్కా ఇస్త్రీ చేయించు, నా దగ్గరున్నవన్నీ చెమట చొక్కాలే."

బోర్డు గదిలో పొడుగు బల్ల, మూడు కుర్చీలు, నీళ్ల జగ్గు, నెమ్మదిగా తిరిగే పంఖా. అధ్యక్షురాలు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఓపిగ్గా అడిగింది. "ఉత్తర్వు చదివిన ఆ మూడు పొద్దులూ మీరెక్కడున్నారు?"

పొయ్యిదొర నిటారుగా నిలబడ్డాడు. "చెబుతానండి. ఆ ముందు ఏడు వరదొచ్చి వంతెన కొట్టుకుపోయిందండి. అప్పుడు ఉన్న పిండితో..."

"వరద తర్వాత విందాం."

"తనిఖీకి పెద్దదొర వచ్చినప్పుడు కూడా..."

వెనక బల్ల మీద కూర్చున్న భార్య దగ్గింది. పొయ్యిదొర ఆగాడు. "వంటశాలలో ఉన్నానండి. రొట్టె వేస్తున్నాను."

కంచుగొంతు లేచి పొగ సంగతి చెప్పాడు. గొంతు తగ్గించి చెప్పాలని ఎంత చూసినా ఆ గది చాలలేదు. పక్క గదిలోంచి ఎవరో తలుపు తీసి చూసి మళ్లీ వేసుకున్నారు. బోర్డులో ఎడమ పక్కన కూర్చున్న పెద్దమనిషి నవ్వు ఆపుకుని రాసుకున్నాడు. కుడి పక్కనాయన మాత్రం నవ్వలేదు. ఆయన ఇంకో కాగితం ముందుకు లాక్కున్నాడు.

"మీకో హాజరు పతకం ఇచ్చారు."

"అవునండి. ముగ్గురికే వచ్చింది."

"దేన్ని చూసి ఇచ్చారు?"

"హాజరు పట్టీ చూసి."

"ఆ పట్టీ తప్పని ఇప్పుడు మీరే అంటున్నారు. మిమ్మల్ని నమ్మితే గడువు సడలించవచ్చు. కానీ ఆ పట్టీ మీద ఇచ్చిన పతకం నిలవదు. రెండూ కావాలంటే కుదరదు. అర్జీ వెనక్కి తీసుకోవాలనుకుంటే ఇప్పుడే చెప్పండి. ఎవరూ తప్పు పట్టరు."

పొయ్యిదొర వెనక్కి తిరిగి చూశాడు. భార్య ఆయన వైపు చూడటం లేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని, తనకేమీ పట్టనట్టు కిటికీ చువ్వలు చూస్తోంది. ఆవిడ అలా చూస్తోందంటే నోటిదాకా వచ్చిన మాటను బలవంతాన మింగుతోందని ఆయనకు తెలుసు. పంతులుగారు పతకాన్ని వేళ్లతో తడమడం గుర్తొచ్చింది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు వెళ్లి, "నేను చెప్పింది నిజం కాదండి" అని ఒప్పుకోవడానికి కూడా మనిషి లేడు. అబద్ధమా అది? ఒక్క పొద్దయినా ఒళ్లు బద్ధకించి పడుకున్నానా? లేదు. మరి పరేడులో నిలబడ్డానా? అదీ లేదు.

"రాయండి" అన్నాడు.

"ఏమని?" అంది అధ్యక్షురాలు.

"పరేడుకి రాలేదని రాయండమ్మా. మూడు పొద్దులే కాదు, ఏ పొద్దూ రాలేదు. ఎందుకు రాలేదో మాత్రం పక్కనే రాయాలి."

"ఎందుకని రాయమంటారు?"

"రొట్టె అని."

అధ్యక్షురాలు తలెత్తి ఆయన్ని చూసింది. తర్వాత స్వయంగా రాసింది. పొయ్యిదొర వంగి ఆ ముక్క ఉందో లేదో చూసుకుని, అప్పుడు సంతకం పెట్టాడు.

మెట్లు దిగుతుంటే కంచుగొంతు, "ఇన్నేళ్లు నీ పేరు నేను పిలిచాను, నేనే పలికాను. జీతం మాత్రం ఒక్కటే ఇచ్చారు" అన్నాడు. భార్య నవ్వింది. పొయ్యిదొర నవ్వడానికి గేటు దాకా పట్టింది.

తీర్పు అనుకూలంగా వచ్చింది. బోనసు ఇస్తున్నామని, పతకాన్ని తపాలాలో తిప్పి పంపాలని ఒకే కాగితంలో ఉంది. ఆయన గోడ మీంచి దింపి, భార్య ఇచ్చిన మెత్తటి గుడ్డముక్కలో చుట్టి, తపాలా కార్యాలయానికి నడిచి వెళ్లాడు. తూకం వేస్తూ అక్కడి అమ్మాయి, "లోపల పగిలే వస్తువేమైనా ఉందా?" అని అడిగింది.

"లేదమ్మా. గట్టిదే."

రసీదు జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చి, మధ్యాహ్నం అన్నం వద్దని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. భార్య పలకరించలేదు, ఆ గదిలో మిషను కూడా తొక్కలేదు. సాయంత్రానికి తానే లేచి, ఇటుకలు ఎక్కడ బాగుంటాయో కనుక్కోవాలి అన్నాడు.

వానలు తగ్గాక తాపీమేస్త్రి వచ్చి సుద్దగీత మీద మొదటి వరుస పేర్చాడు. మాటకారి. మట్టి కలుపుతూ, "బాబాయ్, సైన్యంలో చేశారటగా. ఏం చేశారేంటి అక్కడ?" అని అడిగాడు.

ఈ ప్రశ్నకు పొయ్యిదొర దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే జవాబు ఒకటుండేది. అది పతకంతో మొదలై వరద మీదుగా పెద్దదొర దాకా సాగేది. ఈసారి ఇటుక ఒకటి తీసి అరచేతిలో బరువు చూశాడు. మేస్త్రి చేతికి అందించాడు.

"నేను పనిచేసినన్నాళ్లలో" అన్నాడు నింపాదిగా, "ఒక్క పొద్దు కూడా పరేడుకి వెళ్లలేదు."

మేస్త్రి తాపీ పక్కన పెట్టి, మడమల మీద కూర్చున్నాడు. "అదెలా కుదిరింది బాబాయ్?"

"చెబుతా విను" అని పొయ్యిదొర ఇటుకల కుప్ప మీద సర్దుకుని కూర్చున్నాడు. కిటికీలోంచి భార్య గొంతు వినిపించింది. "మేస్త్రీ, మట్టి ఆరిపోకుండా నీళ్లు చల్లుకుంటూ విను. ఇది ఇప్పట్లో తెమలదు."