టీ రంగు

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆయన ప్లగ్గు డాక్టరే. మోటార్ సైకిల్ తెచ్చి చూడమంటే మిగతా మెకానిక్కులు కిక్కు కొడతారు, చెవి పెట్టి వింటారు. ఈయన మాత్రం ముందు ప్లగ్గు విప్పుతాడు. దాన్ని గుడ్డపీలికతో పట్టుకుని, కొసన ఉన్న పింగాణీ ముక్కు రంగు చూసి ఇంజిను గుట్టంతా చెప్పేస్తాడు. మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకొస్తోంది. సుద్దముక్కలా తెల్లబడితే పెట్రోలు చాలక లోపల మాడిపోతోంది, రేపో మాపో పిస్టను కరుగుతుంది.

మరి మంచి ప్లగ్గు ఎలా ఉంటుందని అడిగితే, "మా ఆవిడ టీ రంగులో" అనేవాడు.

అది వేళాకోళానికన్న మాట కాదు. షెడ్డు పెట్టిన మొదటి ఏడే మంచి ప్లగ్గొకటి ఆమె ఇచ్చిన గాజు గ్లాసు పక్కన పెట్టి, "చూశావా, అచ్చం ఇదే" అన్నాడు. అప్పట్నుంచి ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆమె రోజూ అదే రంగు టీ దించుతోంది. పాలు కాస్త ఎక్కువైతే చాలు, "ఈ ఇంజినుకి పెట్రోలు చాలడం లేదు" అని గ్లాసు వెనక్కి పంపేవాడు. వంకలు పెట్టడంలో మహానుభావుడికి అలుపన్నది లేదు. అలాంటిది ఈమధ్య నాలుగైదు నెలలుగా ఒక్క గ్లాసూ వెనక్కి రాలేదు. వయసు మీద పడి మెత్తబడ్డాడేమోనని ఆమె లోలోపల సంతోషించింది కూడా.

ఒకరోజు మధ్యాహ్నం ఆస్పత్రి నర్సు వచ్చింది. ఆయన నేర్పినట్టే మలుపు దాకా జోరుగా వచ్చి, అక్కడే ఇంజిను ఆపేసి, బండిని షెడ్డు దాకా తోసుకొచ్చింది. ఊరికే గుడగుడలాడిస్తూ తెస్తే మసి పట్టి ప్లగ్గు అబద్ధం చెబుతుంది. పౌడరు రాసుకున్న మొహం చూసి జ్వరం ఎంతో చెప్పమంటే ఎలా అంటాడాయన.

"బాబాయ్, రేపు పొద్దున్నే అమ్మని వెనక కూర్చోబెట్టుకుని కొండ మీదుగా వెళ్లాలి. అరవై కిలోమీటర్లు. ఒకసారి చూడు."

ఆయన ప్లగ్గు విప్పాడు. కంటికి దగ్గరగా తెచ్చాడు, దూరం జరిపాడు. "నిక్షేపంలా ఉంది. టీ రంగు. నిశ్చింతగా వెళ్లిరా."

నర్సును పలకరిద్దామని అప్పుడే బయటికి వచ్చిన భార్య ఆయన భుజం మీదుగా ప్లగ్గు చూసింది. తెల్లగా ఉంది. అనుమానపడాల్సిన పని లేనంత తెల్లగా. గ్లాసులు ఎందుకు వెనక్కి రావడం లేదో ఆమెకు ఆ క్షణంలో అర్థమైంది.

ఆ పిల్ల వెనక తల్లిని ఎక్కించుకుంటుంది. కొండ ఎక్కుతుంటే పిస్టను పట్టేస్తుంది, చక్రం బిగుసుకుపోతుంది. కానీ ఎలా చెప్పాలి? తెల్లగా ఉందని పైకి అంటే, పానా పట్టని దానివి నీకేం తెలుసంటాడు. ఆయనకున్నదల్లా ఆయన మాట మీద వీధికున్న నమ్మకమే. ఆ పిల్ల ముందు దాన్ని తీసేయడానికి ఆమెకు నోరు రాలేదు.

"అమ్మాయ్, టీ తాగి వెళ్దువుగాని, కూర్చో" అని లోపలికి వెళ్లింది.

నర్సుకు మామూలు టీ పోసింది. ఆయన గ్లాసు నిండా పాలు పోసి, అందులో రెండు చుక్కలు డికాషన్ వేసింది. రెండూ తెచ్చి పనిబల్ల మీద ప్లగ్గు పక్కనే పెట్టింది.

"రంగు సరిపోయిందా?"

ఆయన గ్లాసు ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు. "ఇంతకంటే ఏం కావాలి."

"తాగండి మరి."

ఒక్క గుక్క తాగి ఆగిపోయాడు. "ఇవి పాలు కదే."

"పాలేనండి."

నర్సు నవ్వబోయి మానేసింది. ఆయన తన గ్లాసు చూశాడు, నర్సు గ్లాసు చూశాడు, ప్లగ్గు చూశాడు. ఇంజిను జబ్బయినా, తన జబ్బయినా, రెండోసారి చెప్పించుకునే మనిషి కాదు. కోప్పడతాడేమోనని ఆమె భయపడింది. ఆయన ప్లగ్గు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఏం రంగు?"

"తెలుపండి. సుద్దముక్కలా ఉంది."

ఆయన ప్లగ్గు వెనక్కి తీసుకుని బల్ల మీద పెట్టాడు. తర్వాత నర్సు వైపు తిరిగాడు. "అమ్మాయ్, నేను తప్పు చెప్పాను. బాగుచేసిందాకా ఈ బండి కదలదు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందంటారు చూడు, ఆ బల్లిని నేనే."

నర్సు ఫోను లైటు వేసి ఆయన కళ్లలోకి చూసింది. "శుక్లాలు బాబాయ్. రెండు కళ్లలోనూ. తెల్లనివి కూడా గోధుమరంగులో కనిపిస్తాయి. ఎన్నాళ్లయింది?"

"మీ పిన్ని టీ బాగుండడం మొదలైనప్పట్నుంచీ."

కళ్లు మోసం చేసినా వేళ్లు చేయలేదు. కార్బురేటరుకీ ఇంజినుకీ మధ్య ఉండే రబ్బరును తడిమి, చీలిక ఎక్కడుందో పట్టేశాడు. పెట్రోలును పలచన చేస్తూ గాలి దూరుతున్నది అక్కడే. కొత్త రబ్బరు వేశాక నర్సు మూడుసార్లు మలుపు దాకా తిరిగొచ్చింది. మూడుసార్లూ ప్లగ్గు విప్పి భార్యకిచ్చాడు. మూడోసారి ఆమె "టీ" అంది. మర్నాడు తల్లీకూతుళ్లు కొండ దాటి, ఆ మర్నాడు క్షేమంగా తిరిగొచ్చారు.

కళ్ల ఆపరేషన్లు అయ్యేదాకా షెడ్డులో ప్లగ్గులు ఆమే చదివింది. వీధిలో కొందరు నవ్వారు. బండ్లు మాత్రం వస్తూనే ఉన్నాయి.

రెండో కంటి కట్టు విప్పిన మర్నాడు పొద్దున టీ గ్లాసు వెనక్కి వచ్చింది, పెట్రోలు చాలలేదట. పొయ్యి దగ్గర నిలబడి ఆమె నవ్వింది, కళ్లు తుడుచుకుంది, కాస్త డికాషన్ కలిపి తీసుకెళ్లింది. ఆయన అప్పుడే ఓ బండి ప్లగ్గు విప్పి, వెలుతురులో ఒకసారి తిప్పి చూసుకుని, ఆమె ముందుకు చాపాడు.

"ఏం రంగు?"

"ఇప్పుడు మీకు కనిపిస్తోందిగా."

"కనిపిస్తోంది. అయినా నువ్వు చెప్పు."