సెల్వం నాలుగో పిటిషన్

అది 2022. కరోనా తగ్గి జైళ్ళలో ములాఖత్‌లు మళ్ళీ మొదలయ్యాయి. నేను చిత్తూరులో న్యాయసేవల ప్యానెల్ లాయరుని. లాయరును పెట్టుకోలేని ఖైదీల తరఫున వాదించడం మా పని. ఒకరోజు కాణిపాకంలో టెంకాయలు అమ్ముకునే ధనమ్మ వచ్చి, భర్త సెల్వంను విడిపించమని అడిగింది. ఎర్రచందనం కేసుల్లో అతన్ని ప్రివెంటివ్ డిటెన్షన్‌లో ఉంచారు. అంటే శిక్ష పడి కాదు, బయట ఉంటే మళ్ళీ చేస్తాడని ఏడాది దాకా లోపల పెట్టడం.

సెల్వం అప్పటికే హైకోర్టుకు మూడు హెబియస్ కార్పస్ పిటిషన్లు పంపాడు. మనిషిని ఏ అధికారంతో పట్టి ఉంచారో చెప్పమని నిలదీసే పిటిషన్ అది. మొదటిదానికి కోర్టే ఒక లాయరును పెట్టి, విని కొట్టేసింది. తక్కిన రెండింటిలోనూ పాత పాటే ఉన్నందున విచారణ దాకా పోలేదు. మళ్ళీ మళ్ళీ అడిగితే జడ్జి కరుగుతాడని చాలామంది ఖైదీల ఆశ. కోర్టు కరగదు. తేల్చేసిన కారణాన్ని మళ్ళీ వినదు. ముందు చెప్పని కారణం, మేం గ్రౌండ్ అంటాం, ఉంటే మాత్రం ఎన్నోసారైనా వినాలి. అది దొరక్కపోతే ఏడాదంతా లోపలే.

ధనమ్మకు అంత గడువు లేదు. మామ మంచం పట్టాడు. "కొడుకును సూడకనే పోతాడేమో మేడం" అంది.

జైలుకు వెళ్ళేముందు ఆ పిటిషన్లు చదివాను. తోటి ఖైదీ చేత రాయించినవి. మూడింటిలోనూ ఒకటే మాట: నేను ఫారెస్ట్ గార్డు మీద రాయి విసరలేదు. డిటెన్షన్ ఆర్డరులో రాయి ఊసే లేదు. నాకు చిరాకేసింది. ఎవరూ మోపని నేరానికి సంజాయిషీ ఎందుకిస్తున్నావని ములాఖత్‌లో అతన్నే అడిగాను.

"పట్టుకున్న దినం అదే కదా మేడం అనిరి."

"ఆర్డరు నీకిచ్చారుగా, చదవలేదా?"

"తెలుగు మాట్లాడతా గానీ సదవను రాదు. మా అత్త ఊర్లో అరవ బడికి పోయినాను. అరవంలో ఇచ్చింటే సదివిందును."

ఈ మాట ఎవరికీ చెప్పలేదా అంటే, ఎవరూ అడగలేదన్నాడు. తమిళనాడు సరిహద్దు మండలాల్లో ఇది మామూలే. ఇంట్లో తెలుగు, బడిలో అరవం. అతని మాట విని పోలీసులూ, మొదటి లాయరూ చదువు కూడా తెలుగే అనుకున్నారు. కారణాలు ఖైదీకి తెలిసిన భాషలోనే ఇవ్వాలి. లేకుంటే అతను జవాబు చెప్పుకోలేడు.

ఆ ఒక్క గ్రౌండ్ మీద నాలుగో పిటిషన్ వేశాం. అరవ బడి టీసీ జతచేశాం. ఇదీ పాతదేనని, పైగా మనిషి తెలుగు గలగలా మాట్లాడతాడని ప్రభుత్వ న్యాయవాది అభ్యంతరం చెప్పాడు. మాట్లాడటం వేరు, చదవడం వేరు అన్నాం. బెంచి డిటెన్షన్‌ను రద్దు చేసింది.

జైలు గేటు బయట ధనమ్మ ఆటో పిలిచింది. మామ ఇంకా బతికే ఉన్నాడు. సెల్వం ఆటో ఎక్కకుండా నా దగ్గరికి వచ్చి, ఆ ఆర్డరులో ఏముందో చదివి చెప్పమన్నాడు. అక్కడే నిలబడి చదివాను. మూడు కేసులు.

"మొదటి రెండూ నావే మేడం. మూడోదాన్లో నేను లేను. ఆ దినం నాయనను ఆస్పత్రికి తీసకపోయినాను. తెలిసింటే మొదుట్లోనే చెప్పుకునిందును."

నాకు సిగ్గేసింది, మా అందరి తరఫునా. ఇప్పుడు ఏ జైలుకు వెళ్ళినా, పేరు కనుక్కున్నాక నీకు చదవడం ఏ భాషలో వచ్చని అడుగుతాను. చాలామంది ముందు నా ముఖంలోకి చూస్తారు. అంతవరకు వాళ్ళనెవరూ ఆ మాట అడిగి ఉండరు.