చిక్కుడు పాదు దగ్గర గురూజీ చెయ్యి

మా గురూజీ పోయారన్న కబురు నాకు కుంట సంతలో అందింది. చిక్కుడుకాయలు ఏరుతున్నాను. అమ్మ ఫోన్ చేసి, "గురూజీ పోయిండ్రు బిడ్డా" అంది. కాయలు గంపలోనే వదిలేసి మా ఊరికి వెళ్ళే మరైగూడ జీపెక్కాను.

మాది రాష్ట్ర సరిహద్దు అవతలి ఊరు; ఆయన బడిలో హిందీలో సైన్సు చెప్పేవారు. సాయంత్రం పక్కింటి మనిషిగా అదే పాఠం తెలుగులో మళ్ళీ చెప్పేవారు. ఊళ్ళో ఏ రేడియో మూగబోయినా ఆయన సంచిలోకే చేరేది. ఒకసారి అలాంటి రేడియో స్పీకరుకు బ్యాటరీ, చెక్కముక్క మీద అతికించిన నాలుగు చిన్న పార్టులు కలిపి, ఒక వైరు వాళ్ళ పెరటి చిక్కుడు పాదు తడిమట్టిలో గుచ్చారు. రెండో వైరు ఎడమచేత్తో పట్టుకుని కుడిచెయ్యి నాకిచ్చారు. నేను ఆకు ముట్టుకోగానే స్పీకరు కూసింది. వేలికొసతో తాకితే బొంగురుగా, అరచెయ్యి ఆనిస్తే కీచుగా.

వైరు నాకే ఇచ్చి ఆయన ఊరుకుని ఉండొచ్చు. ఎప్పుడూ అలా చేయలేదు. దోర్లీ మాట్లాడే పిల్లలూ, హల్బీ మాట్లాడే పిల్లలూ, తెలుగు మాట్లాడే మేమూ చేతులు పట్టుకుని వరసగా నిలబడాల్సిందే. "గుంజకున్రి. ముట్టుకుంటే చాలు, అదే పలుకుతది" అనేవారు. ఆయన భార్య, నేను పెద్దమ్మా అని పిలిచే ఆమె, మాత్రం గడప దాటేది కాదు. "చిక్కుడు చెట్టుకు వైర్లేంది, నీ పిచ్చి గాకపోతే! దాన్ని కాయనియ్యి" అనేది.

మా ఊళ్ళో కొత్త చిక్కుళ్ళ పండుగ కానిదే ఎవరూ కాయ తెంపరు. ఒక ఏడు పండుగకు ముందు, పాట గట్టిగా రావాలన్న ఆత్రంలో నేను తీగ గుంజాను. లేత కాయ ఊడి చేతికొచ్చింది. భయంతో కింద పడేశాను.

"ఎవలు తెంపిన్రు?" అన్నాడు అటుగా వచ్చిన పూజారి తాత.

నేను గురూజీ వెనక్కి జరిగాను.

"నా చెయ్యే తగిలింది తాతా" అన్నారు గురూజీ.

ఆ తప్పుకు పండుగనాడు ఆయన్ని పంక్తి భోజనానికి పిలవలేదు. అరుగు మీద కూర్చుని, వెళ్ళేవాళ్ళను నవ్వుతూ పలకరించారు. పంక్తిలో నేను మాత్రం విస్తరి తినకుండానే మడిచేశాను. నిజం చెప్పాలని ఏటా అనుకున్నాను. నేనే టీచరునయ్యాక కూడా, వచ్చే సెలవుల్లో చెబుదామని వాయిదా వేశాను. నా పిరికితనానికి ఆయన ఆయుష్షు సరిపోలేదు.

అంత్యక్రియల మర్నాడు పెద్దమ్మ పాదు దగ్గర కూర్చుని ఉంది. కాయలు విరగకాశాయి, పండుగ ఇంకా కాలేదు. చెక్కముక్కా, స్పీకరూ పందిరి గుంజకే కట్టి ఉన్నాయి.

"ఆ కాయ తెంపింది నేనే పెద్దమ్మా" అన్నాను.

"నాకెరుకే. గడప కాడ నిలబడి చూసిన. చెప్తనంటే ఆయనే వద్దన్నడు. పోరి భయపడితే మళ్ళ చెట్టుకాడికే రాదన్నడు."

నాకు ఏడుపాగలేదు. ఆమె లేచి చెక్కముక్క మీది స్విచ్చు వేసింది. ఎన్నడూ ముట్టని ఆ వైరు ఎడమచేత్తో పట్టుకుని, కుడిచెయ్యి నా ముందు చాపింది.

"పట్టు బిడ్డా."

ఆ చెయ్యి పట్టుకుని, కాయలకు తగలకుండా, ఒక ఆకును వేలికొసతో ముట్టుకున్నాను. స్పీకరు బొంగురుగా పలికింది. పెద్దమ్మ ఉలిక్కిపడింది గానీ, నా చెయ్యి వదల్లేదు.