ఇన్‌స్పెక్టరు గారి టిక్కు

మా తోడికోడల్ని మామయ్య ఇన్‌స్పెక్టరు గారూ అని పిలుస్తారు. పిలవక ఏం చేస్తారు? గ్యాస్ కట్టేశావా అని నన్ను అడుగుతుంది, కట్టేశానంటే సరేనంటుంది, మళ్ళీ తనే వెళ్ళి తిప్పి చూస్తుంది. నాకు ఒళ్ళు మండుతుంది. ఇన్నేళ్ళుగా ఒకే వంటింట్లో ఉన్నాం, నా మాట మీద ఆ పిల్లకి ఇంతవరకూ గురి కుదరలేదు. అయితే ఒకటి ఒప్పుకోవాలి. తన మీద తనకీ అంతే అనుమానం. వీధి తలుపు గడియ పెట్టి, నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి లాగి చూసుకునే రకం.

ఆ గుణానికి తగ్గ ఉద్యోగమే దొరికింది. గొంతు పోయినవాళ్ళు టైపు చేస్తే వాళ్ళ తరఫున పైకి మాట్లాడే సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న కంపెనీ వాళ్ళది. అది ఏయే ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద పనిచేస్తుందో చూపించే పేజీ ఒకటి వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉంటుంది. విండోస్‌లో కొత్తది, పాతది, మరీ పాతది, మాక్, లినక్స్, ఒక్కోదానికి ఒక్కో గడి. ఆ గడుల్లో ఆకుపచ్చ టిక్కు పెట్టేది మా తోడికోడలే. టిక్కు ఉన్న సిస్టమ్‌లన్నిటికీ కొత్త వెర్షన్ దానంతటదే వెళ్ళిపోతుంది. అందుకని ఒక్కో కంప్యూటరు ముందూ తనే కూర్చుని, మాట తన చెవిన పడ్డాకే టిక్కు పెట్టేది. మేం విన్నాం కదా అని తోటివాళ్ళు ఎంత చెప్పినా ఒప్పుకునేది కాదు.

మామయ్యకి గొంతు ఆపరేషన్ అయ్యాక మాట పోయింది. అత్తయ్యకేమో కళ్ళకి పొరలు కమ్మి, మనుషులు నీడల్లా తప్ప కనిపించరు. ఆయన రాసింది ఆవిడ చదవలేదు, ఆవిడకి వినపడేలా ఆయన చెప్పలేరు. మా తోడికోడలు ఆ సాఫ్ట్‌వేర్ తెచ్చి ఆయన పాత కంప్యూటర్లో పెట్టాకే ఇంట్లో మళ్ళీ పోట్లాటలు మొదలయ్యాయి. మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకుంటుంటే సంతోషించిన ఇల్లు మాదొక్కటే అయ్యుంటుంది. ఎంత కోపంగా టైపు చేసినా ఆ యంత్రం రైలు వేళలు చెప్పినట్టు చదువుతుంది. నీకు బుద్ధి లేదు అన్నా అదే గొంతు, కాఫీ బాగుంది అన్నా అదే గొంతు. అందులోనే ఆయన కోపమేదో, వేళాకోళమేదో అత్తయ్య పోల్చుకునేది. ఎలాగో మాకు అంతుపట్టేది కాదు.

ఆ రోజు పొద్దున గొడవ కళ్ళ ఆపరేషన్ గురించి. చేయించుకోమని ఆయన, భయమని ఆవిడ. మాటా మాటా పెరిగింది.

"మీ ఆపరేషన్ వల్ల ఏం బాగుపడిందని నన్ను పంపిస్తారు?" అనేసింది అత్తయ్య.

మామయ్య వేళ్ళు టకటకా కదిలాయి. మాట రాలేదు. మళ్ళీ కొట్టారు. తెర మీద అక్షరాలు పడుతున్నాయి గానీ గొంతు లేదు. అత్తయ్య జవాబు కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంది. ఎంతకీ రాకపోయేసరికి ఆవిడ మొహం పాలిపోయింది.

ఆఫీసుకి బయల్దేరి చెప్పులేసుకుంటున్న మా తోడికోడలు వెనక్కి వచ్చింది. వైరు పీకి పెట్టింది. ఏదో పాట వేసి చూస్తే పాట బాగానే వినిపించింది. ఇంకేదో నొక్కి చదివి, కుర్చీలో కూలబడింది. కొత్త వెర్షన్ సరిగ్గా ఆ పోట్లాట మధ్యలో దిగిందట. ముందురోజు ఆ మరీ పాత సిస్టమ్ గడిలో టిక్కు పెట్టింది తనే.

జరిగింది ఇదీ. ఆఫీసు మారినప్పుడు వాళ్ళు పాత కంప్యూటర్లన్నీ తీసిపారేశారు. అందుకని ఈసారి కొత్త కంప్యూటరు లోపలే పాత సిస్టమ్‌ని నడిపించి చూసింది. అలా కూడా నడిపించొచ్చట. అక్కడ మాట శుభ్రంగా వినిపించింది.

"నా చెవులతో విన్నానక్కా," అంది. "కానీ విన్నది ఇలాంటి కంప్యూటర్ని కాదు."

అయితే మునుపటి వెర్షన్ పెట్టెయ్ అన్నాను. అదెంతసేపు అంటూ కీబోర్డు మీద చెయ్యి వేసి, ఆగిపోయింది. వాళ్ళ మేనేజరుకి ఫోన్ చేసింది. ఇక్కడ బాగానే మాట్లాడుతోంది, మీ ఇంటి డబ్బాకే ఏదో రోగం, టిక్కు తీయడానికి వీల్లేదన్నాడు ఆ మహానుభావుడు. సాఫ్ట్‌వేర్ రాసినాయన భోజనాలయ్యాక గానీ దొరకడట. ఆయనకి చూపించడానికి అసలు సిసలు పాత కంప్యూటరు ఇదొక్కటే ఉంది. దీన్ని బాగుచేసేస్తే చూపించడానికి ఏమీ మిగలదు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇంట్లో పెద్దావిడ కుమిలిపోతుంటే నీకు ఊళ్ళోవాళ్ళ గొడవా అని అడిగేశాను.

"పాత కంప్యూటరు తెరిచినవాళ్ళు తెరిచినట్టు మాట పోగొట్టుకుంటారక్కా," అంది. "వాళ్ళ ఇళ్ళల్లో నేను లేను కదా."

మామయ్య అంతా విన్నారు. నీ పని నువ్వు కానివ్వమన్నట్టు చెయ్యి ఊపారు.

అక్కణ్ణుంచి ఇల్లంతా ముళ్ళమీద ఉన్నట్టే ఉంది. కంప్యూటరు చెడిపోయిందని అత్తయ్యకి చెప్పాను. నమ్మలేదు. సరిగ్గా నేనా మాట అన్నాకే చెడిపోయిందా అంది. పోనీ ఆయన ఏం రాశారో చదువుతానని తెర ముందు కూర్చోబోయాను.

"నువ్వు చదవకు. నా బాధ చూసి నాలుగు మంచి మాటలు కల్పిస్తావు. ఆయన చెప్తేనే వింటాను."

కల్పించే అలవాటు నాకుంది, ఏం చెప్పను? మామయ్య తెరని గోడవైపు తిప్పేశారు. వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ పట్టుకోనిచ్చింది గానీ కన్నీళ్ళు ఆగలేదు. ఆ పట్టుకోవడం ఓదార్పో, పోనీలెమ్మని సరిపెట్టుకోవడమో, ఆ గొంతు వినపడకుండా ఆవిడకి తెలియలేదు.

మా తోడికోడలు కాలుగాలిన పిల్లిలా హాల్లోంచి వంటింట్లోకీ, వంటింట్లోంచి హాల్లోకీ తిరిగింది. పళ్ళెంలో అన్నం కెలికి వదిలేసింది. ఫోన్ చేతిలోనే ఉన్నా, ఎక్కడ పెట్టానక్కా అని నన్నే అడిగింది.

చివరికి మేనేజరూ, ఆ సాఫ్ట్‌వేర్ రాసినాయనా ఫోన్లో వీడియోలోకి వచ్చారు. మామయ్య రాసింది ఎవరి కళ్ళా పడకుండా కిందకి జరిపి, మా తోడికోడలు ఫోన్ ఎదురుగా ఒక మాట కొట్టింది. చడీ చప్పుడూ లేదు. రాసినాయన ఏవేవో నొక్కి చూపించమన్నాడు. చూసి, నిజమైన పాత కంప్యూటర్లలో మాట్లాడే భాగమే లేవడం లేదని తేల్చాడు. పోనీ రేపటిదాకా ఆగుదామని మేనేజరు నసిగాడు.

"ఆ టిక్కు పెట్టింది నేను. తప్పు నాది," అంది మా తోడికోడలు. "తీసేస్తున్నాను."

తీసేసింది. ఆ గడిలో, ఈ సిస్టమ్ మీద కొత్త వెర్షన్ మాట్లాడదు, పాతదే ఉంచుకోండి అని రాసింది. ఇప్పటికే దిగినచోట్ల మునుపటి వెర్షన్ వెనక్కి పంపించేదాకా ఫోన్ పెట్టనివ్వలేదు. ఆ తర్వాతే మామయ్య కంప్యూటర్ని ముట్టుకుంది.

తెర ఇటు తిప్పుకుని మామయ్య మీట నొక్కారు. పొద్దుటినుంచి కొట్టినదంతా ఆ యంత్రం వరసగా చదవడం మొదలుపెట్టింది.

"ఏం బాగుపడిందంటావా. వినపడుతోందా. వినపడుతోందా. ఇది పలకడం లేదు. నాకు కోపం రాలేదు. ఏం బాగుపడిందంటావా. నీతో పోట్లాడటానికి ఇవాళ ఉన్నాను. నువ్వు నా మొహం చూసి చాలా కాలమైంది. బాగా ముసలాణ్ణైపోయాను. ఒకసారి చూసిపో."

రైలు వేళలు చెప్పినట్టే చదివింది. నేను ఏడ్చేశాను. మా తోడికోడలు మాత్రం స్పీకరు దగ్గరికి చెవి పెట్టి, ఇంకొక్కసారి నొక్కండి మామయ్యా అంది. ఆయన నొక్కారు. అది మళ్ళీ మొదటినుంచీ చదివింది.

అత్తయ్య రెండోసారి కూడా పూర్తిగా విని, అరచేత్తో మొహం తుడుచుకుంది.

"సరే, చూస్తాను," అంది. "ఎప్పుడు రమ్మంటారో డాక్టర్ని అడగండి."