రిపేరు షాపులో నా గొంతు

మొన్న మా అమ్మాయి కంప్యూటర్ మొరాయించింది. షాపులో ఇచ్చే ముందు పిల్ల రెండు గంటలు కూర్చుని ఫోటోలన్నీ వేరేచోటికి ఎక్కించుకుంది, ఉత్తరాలు చెరిపేసింది, పాస్‌వర్డ్ మార్చింది. మా అల్లుడు పక్కన నిలబడి ఒకటే నవ్వు. రిపేరు చేసేవాడికి నీ ఫోటోలు చూడ్డమే పనా అని. నాకు ఒళ్ళు మండింది. "నవ్వకు బాబూ, దాన్ని చెయ్యనీ" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. ఇద్దరూ నా మొహంలోకి చూశారు. ఎందుకన్నానో వాళ్ళకి చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

ఎనభైల మొదట్లో గోపాలపట్నంలో ఒక పెంకుటింట్లో రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం, నేనూ మా అత్తా. మా అమ్మాయి అప్పటికింకా పుట్టలేదు. మా ఆయనకి సరుకుల ఓడలో ఇంజను గదిలో పని. ఎక్కితే పది నెలలు కనబడేవాడు కాదు. ఒకసారి వస్తూ వస్తూ సింగపూరు నుంచి టేపు రికార్డరు తెచ్చాడు. మా అత్తకి చదువు రాదు. నాకు వచ్చు గానీ, కాగితం ముందు కూర్చుంటే క్షేమం అన్న ముక్క దాటి కలం కదిలేది కాదు. అందుకని క్యాసెట్లు పంపుకునేవాళ్ళం. ఒకవైపు మా అత్తది, రెండోవైపు నాది. గుడ్డలో చుట్టి, కుట్టి, ఓడ కంపెనీ ఆఫీసుకు పోస్టు చేస్తే వాళ్ళు ఏ రేవులోనో ఆయనకి అందించేవారు.

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరూ పెట్టింది కాదు, దానంతటదే వచ్చింది. మా అత్త మాట్లాడుతుంటే నేను కుళాయి దగ్గరకి వెళ్ళిపోయేదాన్ని. నేను మాట్లాడుతుంటే ఆవిడ అరుగు మీదకి వెళ్ళేది. "ఆలుమగల మాటలు నాకెందుకే? అయిపోనాక కేకెయ్" అని తలుపు తనే దగ్గరగా వేసేది. అంతటితో ఊరుకునేది కాదు. తను వినడం లేదని నాకు తెలియాలని, పక్క వాటావాళ్ళతో వీధి దద్దరిల్లేలా కబుర్లు మొదలెట్టేది. ఆ కేకలు కూడా క్యాసెట్టులో పడేవి. "నీ మాట ఒకటి వినాలంటే ముందు అమ్మ మాటలు నాలుగు వినాల్సొస్తోంది" అని మా ఆయన తిరుగు క్యాసెట్టులో నవ్వేవాడు.

మా అత్త పెరుగు అమ్మేది. పద్మనాభంలో ఉన్న ఆవిడ తమ్ముడు తెల్లవారుజాము బస్సులో పాలు పంపిస్తే, కాచి, తోడుపెట్టి, మర్నాడు కుండ నెత్తిన పెట్టుకుని బజారుకు బయల్దేరేది. ఆ ఏడు ఆవిడకి కడుపులో నొప్పి మొదలైంది. తిన్నది నిలిచేది కాదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు నన్నొక్కదాన్నే లోపలికి పిలిచి, కేన్సరనీ, ఆపరేషను చేసినా లాభం లేదనీ చెప్పాడు. బయట బల్ల మీద కూర్చుని మా అత్త నా మొహమే చూస్తోంది. "ఏటన్నాడే?" అంది. "కడుపులో పుండంట అత్తా. మందులాడితే తగ్గిపోద్దంట" అన్నాను. అప్పట్లో అందరూ అలాగే అనేవారు. రోగికి చెప్పకూడదనేది ఒక ధర్మంలా ఉండేది. నేను పెద్ద ధర్మాత్మురాలిలా నోరు కుట్టేసుకున్నాను.

కానీ మా ఆయనకి చెప్పాలి కదా. మధ్యాహ్నం అత్తని అరుగు మీదకి పంపించి, నా వైపు క్యాసెట్టు పెట్టి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చెప్పాను. "మావా, అత్తకి పుండు కాదు. కేన్సరు. ఆర్నెల్లకి మించి బతకదని డాక్టరు నాతో సెప్పీసినాడు. అత్తకి నాను సెప్పనేదు, నువ్వూ సెప్పకు. ఇప్పుడు రావద్దు. మద్దిలో వచ్చీసావంటే అత్తకి అనుమానం వచ్చేత్తాది. కాంట్రాక్టు అయ్యాకే రా. అప్పటిదాకా నాను సూసుకుంతాను." అది చెబుతున్నప్పుడు కూడా బయట మా అత్త ఎవరినో వంకాయల గురించి నిలదీస్తోంది.

సరిగ్గా అక్కడే యంత్రం టేపుని తినేసింది. గరగరమని చప్పుడు, మూత తీస్తే లోపల టేపు పేగుల్లా చుట్టుకుపోయి ఉంది. లాగితే తెగుతుందని భయం. మర్నాడు అలాగే బజారులో రేడియో షాపుకి పట్టుకెళ్ళాను.

నా తెలివి ఎంత తెల్లారిందో వినండి. రిపేరుకిస్తే కొత్త బ్యాటరీలు తీసేసి పాతవి పెడతారని అందరూ అనేవారు. అందుకని నాలుగు బ్యాటరీలూ ఊడదీసి, పాత చీరముక్కలో చుట్టి, బియ్యం డబ్బాలో దాచాను. స్పీకరు మార్చేస్తారని వెనక మూత విప్పి, స్పీకరు మీద మేకుతో మా ఆయన పేరులో మొదటి అక్షరం గీశాను. ఇన్ని జాగ్రత్తలు పడ్డదాన్ని, క్యాసెట్టు మాత్రం లోపలే వదిలేశాను. ఒక్కసారైనా నా బుర్రకి తట్టలేదు. పోనీ ఆ షాపాయనైనా తీసేసుకోమన్నాడా అంటే, "క్యాసెట్టు ఉండనీ అమ్మా, మీ సెట్టుకి మీదే పెట్టి సూడాలి. నాది పెడితే నాది కూడా తినేత్తాది" అన్నాడు. అదీ నిజమే కదా అనుకుని, ఇచ్చేసి ఇంటికొచ్చి హాయిగా అన్నం తిన్నాను. నా మీద నాకే కోపం, ఇప్పటికీ.

రెండ్రోజుల తర్వాత మా అత్త ఖాళీ కుండతో పాటు టేపు రికార్డరు కూడా పట్టుకుని ఇంటికొచ్చింది. "బాగయ్యిందంట" అని బల్ల మీద పెట్టింది. అన్నం పెట్టనా అంటే వద్దంది. గోడవైపు తిరిగి పడుకుంది. నొప్పేమో అనుకున్నాను. మర్నాడూ బజారుకెళ్ళింది, వచ్చింది, మాట్లాడలేదు. మూడోరోజూ అంతే. గంటకి పది మాటలు తిట్టి, ఇరవై మాటలు నవ్వించే మనిషి నోరు మూసుకుంటే ఇల్లు ఇల్లులా ఉంటుందా? మందు ఇస్తే చేతిలోకి తీసుకుని దానికేసి చూసి, మింగి, గ్లాసు తిరిగిచ్చేది. నా కళ్ళలోకి మాత్రం చూసేది కాదు.

నాలుగోరోజు ఉప్పు కొనడానికి బజారుకెళితే షాపాయన నన్ను చూసి చేస్తున్న పని వదిలేసి బయటికొచ్చాడు. మా నాన్న వయసుంటుంది ఆయనకి. రెండు చేతులూ జోడించాడు. "తప్పయిపోనాదమ్మా" అన్నాడు. ఏమిటో అర్థం కాక, దేనికని అడిగాను.

బాగుచేశాక సౌండు చూడ్డానికి క్యాసెట్టు పెట్టాడట. ప్రతి సెట్టుకీ గుమ్మంలో ఉన్న పెద్ద స్పీకరు తగిలించి వదలడం ఆయనకి అలవాటు. వదిలేసి, తలవంచుకుని ఇంకో రేడియోకి టంకం పెట్టుకుంటున్నాడు. "మాకు మాటలు ఇనపడవమ్మా. గొంతు సాగుతోందా, వణుకుతోందా, అదే ఇంతాం. సౌండు బాగుందనుకున్నాను, అంతే" అన్నాడు. మా అత్త పెరుగు కుండ పెట్టుకునేది సరిగ్గా ఆ షాపు ఎదురుగానే. నా గొంతు గుర్తుపట్టిందట. పెరుగు కొలుస్తున్న గరిటె వదిలేసి, "ఆపండి బాబూ, ఆపండి! అది ఆలుమగల మాటలు, ఎవులూ ఇనకూడదు!" అని అరుచుకుంటూ రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చిందట. స్పీకరు ముందు అడ్డంగా నిలబడి, చీర కొంగు పరిచి దాని మీద కప్పిందట. జనం నవ్వారట. ఆయన లేచి వచ్చి మీట నొక్కేలోపు, ఆ కొంగు కిందనుంచి అంతా వచ్చేసింది. ఆర్నెల్లూ వచ్చింది, కేన్సరూ వచ్చింది, రావద్దన్న మాటా వచ్చింది. నవ్వినవాళ్ళు నోళ్ళు మూసుకున్నారట.

నా మర్యాద కాపాడదామని పరిగెత్తింది మా అత్త. ఆ పరుగు పరిగెత్తకుండా తన కుండ దగ్గరే కూర్చుని ఉంటే, బజారు గోలలో సగం మాటలు ఆవిడకి వినబడేవే కావు. ఇది తలుచుకున్నప్పుడల్లా నా గుండె ముక్కలవుతుంది. ఇన్నేళ్ళయినా అంతే.

ఉప్పు కొనకుండానే ఇంటికొచ్చాను. అత్త చాప మీద కూర్చుని ఉంది. ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. ఇలా అంది, "బజారోల్లందరికీ తెలిసింది. ఉల్లిపాయలమ్మిన దానికి కూడా తెలిసింది. నాకే సెప్పలేకపోనావేటే?"

"నువ్వు తట్టుకోలేవని అత్తా" అన్నాను.

"నా సావు నాను తట్టుకోలేనా? ఎవులు తట్టుకుంతారు మరి, నువ్వా?" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. మళ్ళీ తనే, "ఆడ్ని రావద్దని సెప్పినావు. నాకు అనుమానం వత్తాదని నా కొడుకుని నాకు కాకుండా సేసినావు. ఇప్పుడు తెలిసిపోనాది గదా, అనుమానం నేదు గదా. పిలు" అంది.

తల్లికి కేన్సరు, వెంటనే పంపండి అని ఆ సాయంత్రమే ఓడ కంపెనీ ఆఫీసుకి టెలిగ్రాం ఇచ్చాను. ఓడ ఎక్కడో నడిసముద్రంలో ఉందనీ, తర్వాత రేవులో బదులుమనిషి దొరికితే దించుతామనీ జవాబొచ్చింది. ఆ రేవులో మనిషి దొరకలేదు. ఇంకో రేవన్నారు. మా అత్త బజారు మానేసింది. అరుగు మీద కూర్చోలేక, గుమ్మం కనబడేలా చాప వేయించుకుని పడుకునేది. వీధిలో రిక్షా ఆగితే తల ఎత్తేది. అప్పటికి మనిషి సగమైపోయింది. క్యాసెట్టులో కొడుకుతో మాట్లాడమంటే తల అడ్డంగా ఊపింది. "ఏటి మాటాడతాను? బాగున్నానని అబద్దం సెప్పడం నాకు సేతకాదు" అంది. డాక్టరు ఆర్నెల్లన్నాడు గానీ, ఆ మాట విన్నాక రెండు నెలలే ఉంది.

పోయే ముందు రోజు మధ్యాహ్నం నన్ను దగ్గరకి పిలిచింది. గొంతు చాలా సన్నగా ఉంది. చెవి ఆవిడ నోటి దగ్గర పెట్టాను.

"ఆడొచ్చి అడుగుతాడు, అమ్మకి తెలుసా అని. నేదని సెప్పు. పుండనుకునే పోనాదని సెప్పు. నాను గుమ్మంకేసి సూసానని ఆడితో అనకు. ఆడు బతకలేడు."

సరే అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "నీకు దాయడం బాగా వచ్చు గదే. ఇది కూడా దాచీ" అంది.

ఎగతాళి కాదు. నన్ను నమ్మి అడిగింది. అదే నాకు ఎక్కువ తగిలింది.

ఆవిడ పోయిన ఐదోరోజు మా ఆయన వచ్చాడు. భుజాన సంచి దించకుండానే గుమ్మంలో నిలబడి, ముందు ఆ మాటే అడిగాడు. "అమ్మకి తెలుసేటి? నాకోసం సూసిందా?"

ఆయన మొహం ఎలా ఉందంటే, నేనేం చెబుతానో దాని మీదే ఆయన నిలబడడమో పడిపోవడమో ఉంది.

"నేదు మావా. పుండనే అనుకుంది. నువ్వు కాంట్రాక్టు అయ్యాక వత్తావనే అనుకుంది" అన్నాను.

ఆయన సంచి దించి, గోడకి చేరబడి, ఒక్కసారిగా ఏడ్చాడు. ఏడ్చి, తేరుకుని, "పోన్లే. తెలీకుండా పోయింది, అంతే సాలు" అన్నాడు. తర్వాత ఎన్నోసార్లు నలుగురిలో ఆ మాట చెప్పి, మా అమ్మని నా భార్య చివరిదాకా పువ్వులా చూసుకుంది, ఒక్క మాట తెలియనివ్వలేదు అని నన్ను మెచ్చుకునేవాడు. నేను తలవంచుకుని లోపలికెళ్ళిపోయేదాన్ని. సిగ్గుపడుతున్నాననుకునేవారు. ఆ రోజు బజారులో విన్నవాళ్ళు కూడా ఎవరూ ఆయన దగ్గర ఆ మాట ఎత్తలేదు. ఆయన పోయి మూడేళ్ళయింది. బతికున్నన్నాళ్ళూ ఆ మెప్పు వింటూనే ఉన్నాను, ఒక్కసారి కూడా కాదని చెప్పలేదు.